పదునారేండ్ల పోరాటము: జోసెఫిన్ బట్లర్ జీవితము

1864వ సంవత్సరమున ఇంగ్లండు పార్లమెంటు ఒక చిన్న చట్టమును చేసెను. దాని పేరు అంటురోగముల చట్టము. పశువుల తెగుళ్లను గూర్చిన శాసనములకును ఆ దినములలో అట్టి పేరే ఉండెడిది. సభలో చెప్పుకొనదగిన చర్చ లేకుండగనే బిల్లు నెగ్గెను. పత్రికలును దానిని పట్టించుకొనలేదు. కాని అది పశువులను గూర్చినది కాదు. ఓడరేవులలోను, సైనిక పట్టణములలోను పడుపువృత్తి చేయుచున్నారని పోలీసులు అనుమానించిన స్త్రీలను బలవంతముగా వైద్యపరీక్షకు లోబరచి, రోగమున్నదని తోచినచో నిర్బంధించుటకు అధికారమిచ్చిన చట్టమది. 1886లో అది రద్దగు వరకు విశ్రమింపక పోరాడిన నాయకురాలు జోసెఫిన్ బట్లర్. ఆమె గౌరవకుటుంబమున పుట్టినది; క్రైస్తవ మతాచార్యుని భార్య; బిడ్డల తల్లి. ఆ కాలపు కులీన స్త్రీలు పేరెత్తుటకే సంకోచించు విషయమును ఆమె వేదికలపై నిలిచి మాటలాడెను. అందుకై రాళ్లదెబ్బలను, దూషణలను సహించెను.

బాల్యము, వివాహము

జోసెఫిన్ 1828 ఏప్రిల్ 13వ తేదీన ఇంగ్లండునకు ఉత్తరపు కొసనున్న నార్తంబర్లండు మండలములో, మిల్‌ఫీల్డు అను చోట జన్మించెను. తండ్రి జాన్ గ్రే వ్యవసాయమున నూతన పద్ధతులను ప్రవేశపెట్టిన నిపుణుడు. పెద్ద ఎస్టేటులకు కార్యనిర్వాహకుడు. ఆఫ్రికా బానిసల విమోచనమునకై ఆయన ఎన్నో సంవత్సరములు పాటుపడెను. ప్రధానమంత్రి ఎర్ల్ గ్రే ఆయనకు జ్ఞాతి. బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును నిషేధించిన 1833వ సంవత్సరపు చట్టము ఆ ఎర్ల్ గ్రే ప్రభుత్వము చేసినదే. ఇంటిలో దేశ రాజకీయములు, బానిసల కడగండ్లు, చట్టముల న్యాయాన్యాయములు నిత్యము చర్చకు వచ్చుచుండెడివి. ఆ చర్చలనుండి కుమార్తెలను వెలివేయు అలవాటు ఆ తండ్రికి లేదు. బానిసలుగా అమ్ముడుపోయిన స్త్రీలు యజమానుల చేతులలో పడిన అవస్థలు బాలికయైన జోసెఫిన్ మనస్సున చెరగని ముద్ర వేసెను.

1852లో ఆమె జార్జి బట్లర్ అను పండితుని వివాహమాడి ఆక్స్‌ఫర్డులో కాపురము పెట్టెను. ఆయన తరువాత మతాచార్య దీక్షను స్వీకరించెను. నాటి ఆక్స్‌ఫర్డు పురుషుల లోకము. సాయంకాలపు గోష్ఠులలో స్త్రీల నీతిని గూర్చి పండితులు తీర్పులు చెప్పుచుండ, ఆ యువతి మౌనముగా వినుచుండెడిది. ఒకే తప్పు పురుషుడు చేసినచో స్వల్పమనియు, స్త్రీ చేసినచో క్షమింపరానిదనియు వారు నిశ్చయించుట ఆమెను కలచివేసెను. విశ్వవిద్యాలయమునకు చెందిన ఒక పెద్దమనిషి చేత మోసపోయిన బాలిక తన శిశువును చంపుకొని చెరసాలపాలయ్యెను. మోసగించినవానిని పల్లెత్తు మాట యనువారు లేరు. ఈ సంగతి చెప్పి ఆలోచన యడిగిన జోసెఫిన్‌కు ఊరకుండుటయే మేలని ఒక విజ్ఞుడు హితవు చెప్పెను. బట్లర్ దంపతులు ఊరకుండలేదు. ఆ బాలికకు శిక్ష ముగియగానే తమ యింట పని యిచ్చి చేరదీసిరి. ఆ తరువాత అర్ధశతాబ్దముపాటు సాగిన కృషికి ఇదియే బీజము.

పుత్రికాశోకము

ఆరోగ్యము సరిపడక వారు ఆక్స్‌ఫర్డు విడిచి చెల్టెన్‌హామునకు చేరిరి. ముగ్గురు కుమారుల తరువాత పుట్టిన ఏకైక పుత్రిక ఈవా. 1864 ఆగస్టు నెలలో ఒక సాయంకాలము తలిదండ్రులు ఇంటికి తిరిగివచ్చిన అలికిడి విని ఆ అయిదేండ్ల పాప మేడమీదినుండి పరుగున వచ్చి, మెట్ల కమ్మీపైనుండి క్రింది రాతినేలపై పడి, కొద్ది గంటలలో మరణించెను. తల్లి చాలకాలము కోలుకొనలేదు.

1866లో జార్జి బట్లర్ లివర్‌పూల్ కళాశాలకు ప్రధానాధ్యాపకుడయ్యెను. ఆ మహానగరమున, తనకంటె దుఃఖితులైనవారి నడుమకు పోయినగాని తన దుఃఖము తీరదని జోసెఫిన్ నిశ్చయించుకొనెను. బ్రౌన్‌లో హిల్ అను చోట నగరపు అనాథ శ్రమశాల ఉండెడిది. దాని నేలమాళిగలలో దిక్కులేని స్త్రీలు ఓడల పాత త్రాళ్లను వ్రేళ్లతో విప్పి నార తీయుచుండిరి. ఒక రాత్రి పడకకొరకు, ఒక రొట్టెముక్కకొరకు వీథులనుండి వచ్చినవారే అందు పెక్కుమంది. జోసెఫిన్ వారితోపాటు నేలపై కూర్చుండి నార తీయబోయెను, చేతకాలేదు. వారు నవ్విరి. ఆ నవ్వుతో చెలిమి కుదిరెను.

చికిత్సలేక చావునకు సిద్ధముగా నున్న కొందరు యువతులను ఆమె తన యింటికే తీసికొనివచ్చి కన్నతల్లివలె సేవచేసెను. ఇల్లు చాలకపోగా రోగులకు ఒక విశ్రాంతి గృహమును, పని చేయగలవారికి ఒక చిన్న పరిశ్రమాలయమును నెలకొల్పెను. ఆ సహవాసమున ఆమె తెలిసికొన్న సత్యమొకటి కలదు. ఆ స్త్రీలలో పెక్కుమంది పుట్టుకతో చెడ్డవారు కారు. కుట్టుపనికి వచ్చు కూలి కడుపు నింపదు. దాసీపని పోయినచో నిలువ నీడ ఉండదు. చదువు లేనందున వేరొక వృత్తి దొరకదు. ఈ కారణము చేతనే ఆమె స్త్రీవిద్యా ఉద్యమమున ప్రవేశించెను. 1867లో ఏర్పడిన ఉత్తర ఇంగ్లండు స్త్రీ ఉన్నతవిద్యా మండలికి అధ్యక్షురాలయ్యెను. స్త్రీల విద్యను, ఉద్యోగములను గూర్చి 1868లో ఒక పుస్తకమును ప్రకటించెను.

చట్టము పనిచేసిన తీరు

సైన్యములో సుఖవ్యాధులు ప్రబలియుండుట నిజమే. ఆ దశకపు ఆరంభమున రోగులైన సైనికులలో ఇంచుమించు మూడవవంతు ఆ వ్యాధుల పాలైనవారే. పెండ్లాడుటకు అనుమతి లభించు సైనికులు కొలదిమంది. తక్కినవారు బారకాసులలో ఒంటరి బ్రతుకు బ్రతుకవలసినవారు. పూర్వము సైనికులకు కూడ నియతముగా వైద్యపరీక్ష జరుగుచుండెడిది. అది తమకు అవమానకరమని వారు రోషపడుటచే 1859లో దానిని మానివేసిరి. పురుషులకు అవమానమని తొలగించిన పరీక్షనే, అయిదేండ్లు గడచిన తరువాత స్త్రీలకు విధించిరి.

1864వ చట్టము 11 పట్టణములకు వర్తించెను. రోగిణియని తేలిన స్త్రీని మూడు నెలలవరకు నిర్బంధింపవచ్చును. 1866లో ఆ గడువు ఆరు నెలలైనది. 1869లో తొమ్మిది నెలలైనది. చట్టము 18 ప్రాంతములకు వ్యాపించెను. పౌర జనులందరకు దీనిని విస్తరింపవలెనని పలువురు వైద్యులు, పెద్దమనుష్యులు ఒక సంఘముగా ఏర్పడిరి.

లండనునుండి వచ్చిన పోలీసులు సాధారణ దుస్తులలో తిరుగుచు, అనుమానము తోచిన స్త్రీని ఆపి, పరీక్షకు రమ్మనుచుండిరి. వేశ్య యన నెవరో చట్టమున నిర్వచనము లేదు. పోలీసువాని నమ్మకమే సాక్ష్యము. తాను అట్టిదానను కానని నిరూపించుకొను భారము స్త్రీమీదనే పడుచుండెను. స్వచ్ఛందముగ లోబడుచున్నానని ఒక కాగితముపై గుర్తు పెట్టినచో ఏడాదివరకు నియతకాలమున పరీక్షకు పోవలసినదే. చదువురాని స్త్రీలు అందేమున్నదో తెలియకయే గీటు గీయుచుండిరి. గుర్తు పెట్టనిచో మేజిస్ట్రేటు ఎదుట నిలువవలెను. పరీక్షకు నిరాకరించినచో చెరసాల.

దీని ఫలితము ఆ స్త్రీల బ్రతుకులలో ఎట్లుండెనో చూడవలెను. అంతవరకు పనులు దొరకని నెలలలో మాత్రమే వీథిని పడి, పని దొరకగానే మరలిపోవు స్త్రీలు పలువురు ఉండిరి. జాబితాలో పేరు చేరిన పిదప ఇరుగుపొరుగువారికి సంగతి తెలిసిపోవును. అద్దెయిల్లు దొరకదు, పనిలో నెవ్వరు పెట్టుకొనరు. తాత్కాలికమైన దుర్దశను చట్టము శాశ్వతమైన వృత్తిగా మార్చెను.

రోగనివారణ దృష్టితో చూచినను ఈ ఏర్పాటు పునాది లేని గోడయే. సెగరోగమునకు కారణమగు సూక్ష్మజీవిని నైసర్ అను వైద్యుడు కనుగొన్నది 1879లో. సవాయి రోగపు సూక్ష్మజీవి బయటపడినది 1905లో. రక్తపరీక్ష వచ్చినది 1906లో. అంతకు ముందు వైద్యునకు ఆధారము కంటిచూపు ఒక్కటే. పైకి లక్షణములు కానరాని రోగిణి ఆరోగ్యవతిగా విడువబడును. వేరొక కారణమున పుండు పుట్టినది నెలల తరబడి బంధింపబడును. ఒకే సాధనమును సరిగా శుభ్రపరపక పలువురికి ఉపయోగించుటచే పరీక్షయే రోగమును వ్యాపింపజేయు ప్రమాదము ఉండెను. చికిత్స పాదరసము, దానితో రోగము నిశ్చయముగా కుదురునని చెప్పుటకు వీలులేదు. పరీక్షలేని పురుషుడు రోగమును యథేచ్ఛగ తెచ్చి అంటించుచుండెను. నిర్బంధమునకు వెరచిన స్త్రీలు రోగము వచ్చినను వైద్యునకు చెప్పక దాచుకొనుచుండిరి. సైన్యమున సవాయి చట్టమునకు పూర్వమే తగ్గుముఖము పట్టియుండెను. సెగరోగము చట్టము వచ్చిన తరువాతను చెప్పుకొనదగినంత తగ్గలేదు.

ఉద్యమ ప్రవేశము

1869లో ఈ చట్టమును ఎదిరించుటకు ఏర్పడిన సంఘములో మొదట స్త్రీలకు ప్రవేశము లేకుండెను. అందుచే స్త్రీలు వేరొక సంఘమును స్థాపింప సంకల్పించి, ఎలిజబెత్ వుల్‌స్టన్‌హోమ్ అను ఉపాధ్యాయిని ద్వారా నాయకత్వమునకై జోసెఫిన్‌ను ఆహ్వానించిరి. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. ఈ మాట యెత్తిన స్త్రీకి సంఘమున గౌరవము మిగులదు. భర్త ఉద్యోగమునకు ముప్పు. పెరుగుచున్న కుమారులకు తలవంపు. ఎంతో మథనపడి భర్తకు తెలిపెను. ఆయన ఆమెను వారింపక, దేవుని తోడుతో సాగుమని పంపెను. తరువాతి కాలమున ఆయనకు మతసంస్థలో రాదగిన పదవులు ఆలస్యమగుటకు ఇది కూడ ఒక కారణమయ్యెను.

1870 జనవరి 1వ తేదీన డెయిలీ న్యూస్ పత్రికలో స్త్రీల నిరసన ప్రకటన వెలువడెను. సంతకము చేసినవారిలో ఫ్లారెన్స్ నైటింగేల్, హారియట్ మార్టినో ఉండిరి. పౌరుల దేహస్వాతంత్ర్యమునకు ఇంగ్లండు చట్టము ఇచ్చిన రక్షణలను ఈ శాసనము స్త్రీల విషయమున తొలగించినదనియు, దోషము ఇరువురిదై యుండగా శిక్ష ఒక్కరికే పడుచున్నదనియు, రోగము సయితము దీనివలన తగ్గదనియు అందలి వాదము. విద్యావతులైన స్త్రీలందరు ఆమె పక్షమున లేరు. ఇంగ్లండున వైద్యవృత్తికి మార్గము తెరచిన ఎలిజబెత్ గారెట్ చట్టమును సమర్థించెను. పేద స్త్రీలకు ఆసుపత్రిలో చోటు దొరకుటయే అరుదు గనుక, నిర్బంధముతోనైనను చికిత్స లభించుచున్నది కదా యని ఆ పక్షపు ఆలోచన. చికిత్స వలదని జోసెఫిన్ ఎన్నడు అనలేదు. బలవంతము లేని ఆసుపత్రులు తెరచినచో స్త్రీలు తామే వత్తురని ఆమె బదులు చెప్పెను.

ఆమె మొదట పోయినది ప్రభువుల మేడలకు కాదు. క్రూ పట్టణపు రైలు కార్మికుల సభకు. పోలీసులు పట్టుకొనునది తమ అక్కచెల్లెండ్రను, కుమార్తెలనేయని కార్మికులు వెంటనే గ్రహించిరి. మొదటి సంవత్సరముననే ఆమె 3,700 మైళ్లు ప్రయాణించి 99 సభలలో పాల్గొనెను. ఆమె సన్నని, నాజూకైన విగ్రహము, తరచు జబ్బుపడు శరీరము, మృదువైన కంఠము. సభికులు మొదట వింతగా చూచి, పిదప నిశ్శబ్దముగా వినెడివారు.

1870లో కోల్చెస్టరు ఉపఎన్నికలో ప్రభుత్వపక్ష అభ్యర్థిగా సర్ హెన్రీ స్టార్క్స్ నిలిచెను. మాల్టా దీవికి గవర్నరుగా నుండి ఈ పద్ధతిని అమలుచేసినవాడు. వేశ్యావృత్తి అవసరమని అంగీకరింపనిదే ఏ నివారణోపాయమును ఫలింపదని వ్రాసినవాడు. ఆయనకు వ్యతిరేకముగ ప్రచారము చేయవచ్చిన జోసెఫిన్‌ను అల్లరిమూకలు వెంటాడెను. ఆమె బసచేసిన హోటలు చుట్టు జనము మూగి, నిప్పు పెట్టెదమని బెదిరింపగా, యజమాని ఆమెను వెళ్లిపొమ్మని వేడుకొనెను. ఆమె మారువేషముతో సందులవెంట తప్పించుకొని ఒక కార్మికుని యింట తలదాచుకొనెను. స్టార్క్స్ 500కు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయెను. 1872లో పాంటిఫ్రాక్టు ఎన్నికలో ఆమె స్త్రీలతో సభ జరుపుచుండిన గడ్డిమేడ క్రింద కొందరు గడ్డిమోపులకు నిప్పంటించిరి. పొగ క్రమ్మి, స్త్రీలు కష్టముమీద ప్రాణములతో బయటపడిరి. అచ్చటనున్న పోలీసులు చూచుచు ఊరకుండిరి.

1871లో ఆమె రాయల్ కమిషను ఎదుట సాక్ష్యమిచ్చెను. ప్రభువులు, సేనానులు, మతాధిపతులు బారులుగా కూర్చున్న ఆ గదిలో ఆమె ఒక్కతెయే స్త్రీ. చట్టము వలన రోగము తగ్గుచున్నదని ఋజువైనను తాను దానిని ఎదిరింతునని ఆమె స్పష్టపరచెను. ఆరోగ్యమును గూర్చిన లెక్కలు ఆమెకు అక్కరలేక కాదు. ఆ లెక్కలను ఉద్యమపు వైద్యులు జాగ్రత్తగ పరిశీలించుచునే యుండిరి. కాని స్త్రీకి తన శరీరముపై గల హక్కు గణాంకములను బట్టి ఇచ్చునది, తీసికొనునది కాదని ఆమె విశ్వాసము.

చట్టమునకు బలియైన వారిలో ఒకామె కథ దేశమును కదిలించెను. శ్రీమతి పెర్సీ ఆల్డర్‌షాట్ సైనిక పట్టణమున ఆటపాటలతో జీవించు వితంతువు. పోలీసులు ఆమెను, ఆమె కుమార్తెను పరీక్షకు రమ్మనిరి. ఆమె నిరాకరించి పత్రికకు వ్రాసెను. యజమానులపై ఒత్తిడి రాగా పని పోయెను. 1875లో ఆమె శవము కాలువలో తేలెను. తల్లి పోయిన ఆ బాలికను జోసెఫిన్ తన యింటికి చేర్చుకొనెను.

విజయము, దాని వెంట వచ్చిన సంకటము

ఈ పద్ధతికి పుట్టినిల్లు ఫ్రాన్సు. 1874 శీతకాలమున జోసెఫిన్ పారిస్‌కు పోయి, నీతి రక్షక పోలీసుల అధిపతితో వాదించి, సెయింట్ లజార్ చెరసాలలో స్త్రీల బందీఖానాను చూచెను. ఇటలీ, స్విట్జర్లండులలోను పర్యటించెను. 1875లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడెను. 1877లో జెనీవాలో మహాసభ జరిగెను. బ్రస్సెల్స్‌లో ప్రభుత్వపు అనుమతి గల గృహములలో ఇంగ్లండు బాలికలు బంధింపబడియున్నారని 1880లో ఆమె వెల్లడింపగా, అచ్చటి పోలీసు అధికారుల అవినీతి బట్టబయలయ్యెను.

పార్లమెంటులో ఆమె పక్షమున నిలిచినవాడు జేమ్స్ స్టాన్స్‌ఫెల్డ్. మంత్రిగా పనిచేసిన ఆ రాజనీతిజ్ఞుడు తన భవిష్యత్తును లెక్కింపక ఈ అప్రియమైన కార్యమును చేపట్టెను. 1883 ఏప్రిల్ 20వ తేదీన బలవంతపు పరీక్షను గర్హించు ఆయన తీర్మానము 110కి వ్యతిరేకముగ 182 ఓట్లతో నెగ్గెను. ఆ రాత్రి జోసెఫిన్ సభాభవనపు స్త్రీల గ్యాలరీకిని, సమీపమున పేదలును కులీనులును కలిసి ప్రార్థన చేయుచున్న గదికిని మధ్య తిరుగుచుండెను. పదునైదు సంవత్సరములలో పార్లమెంటునకు 17 వేలకు పైగా మహజరులు చేరెను. వానిపై సంతకములు 26 లక్షలకు మించెను. 1886లో చట్టము పూర్తిగా రద్దయ్యెను.

ఇచ్చటనే ఆమెకు క్రొత్త సంకటము ఎదురయ్యెను. బాలికల విక్రయమును గూర్చి స్టెడ్ అను సంపాదకుడు 1885లో ప్రకటించిన వ్యాసములు దేశమును దద్దరిల్లజేసెను. ఆ కలకలమున చేసిన శాసనము బాలికల సమ్మతి వయస్సును 13నుండి 16కు పెంచెను. అది ఆమె కోరినదే. కాని అదే శాసనము వేశ్యాగృహములపై దాడిచేయుటకు పోలీసులకు విశేషాధికారములను ఇచ్చెను. నీతి రక్షక సంఘములు బయలుదేరి ఊరూర ఇండ్లు ఖాళీచేయించెను. ఆశ్రయము పోయిన స్త్రీలు చీకటి సందులకు, దళారుల చేతులలోనికి పోయిరి. తన వెంట నిన్నటివరకు నడచినవారే నేడు ఈ దాడులకు జేజేలు పలుకుట చూచి జోసెఫిన్ కలతపడెను. బలవంతముతో మనుష్యులను నీతిమంతులను చేయవచ్చునని నమ్మువారితో జాగ్రత్తయని తన అనుచరులను హెచ్చరించి, ఆమె వారికి దూరముగ తొలగెను. వేశ్యావృత్తి లోకమున లేకుండపోవలెననియే ఆమె కోరిక. దానిని పోలీసు లాఠీతో తొలగింప జూచినచో దెబ్బ తగులునది ఆ స్త్రీకే యని లివర్‌పూల్ నేలమాళిగలు ఆమెకు నేర్పియుండెను.

భారతదేశము

ఇంగ్లండున రద్దైన చట్టము మన దేశమున నిలిచియుండెను. 1864వ కంటోన్మెంటు చట్టము, 1868వ అంటురోగముల చట్టము ఇచ్చటను అదే పద్ధతిని స్థాపించెను. మద్రాసు నగరమునను, మద్రాసు సైన్యము విడిసిన సికిందరాబాదువంటి కంటోన్మెంటులలోను లాక్ హాస్పిటళ్లు వెలసెను. రెజిమెంటు బజారులలో స్త్రీల పేరులు నమోదుచేసి, చీటీలిచ్చి, తెల్ల సిపాయిలకై ఉంచుచుండిరి. పరీక్షకు రాని స్త్రీకి జరిమానా, జైలు, లేదా కంటోన్మెంటునుండి బహిష్కారము.

1886లో సేనాధిపతి రాబర్ట్స్ కార్యాలయమునుండి వెలువడిన ఒక సర్క్యులరు, సిపాయిల కొరకు తగినంతమంది రూపవతులైన స్త్రీలను సమకూర్చవలెనని ఆదేశించెను. అది ఇంగ్లండున బయటపడగా పెద్ద అలజడి పుట్టెను. 1888లో కామన్సు సభ తీర్మానముచే ఇండియాలోను ఆ చట్టము రద్దయ్యెను. ఆ యేడు అలహాబాదున జరిగిన కాంగ్రెసు మహాసభ ఇంగ్లండు మిత్రుల ఈ కృషిని హర్షించుచు తీర్మానించెను.

చట్టము పోయినను ఆచారము పోలేదు. 1891, 1892 సంవత్సరములలో ఎలిజబెత్ ఆండ్రూ, డాక్టరు కేట్ బుష్‌నెల్ అను ఇరువురు అమెరికా స్త్రీలు కంటోన్మెంటులను దర్శించి, ఆ స్త్రీలతో స్వయముగ మాటలాడి, నిర్బంధ పరీక్షలు మునుపటివలెనే సాగుచున్నవని నిరూపించిరి. మొదట కాదన్న రాబర్ట్స్ ప్రభువు 1893లో క్షమాపణ చెప్పుకొనెను. ఇంతలో సైన్యమున రోగము పెరుగుచుండెను. చట్టము అమలులో నున్నప్పుడే మొదలైన ఆ పెరుగుదల 1895 నాటికి వేయిమంది బ్రిటిషు సైనికులకు ఏటేట 500 చేరికలను దాటెను. రద్దే దీనికి కారణమని సేనానులు వాదించిరి. 1897లో క్రొత్త కంటోన్మెంటు నిబంధనలతో పాత పద్ధతి చాలవరకు తిరిగివచ్చెను. డెబ్బదియవ పడిలో అడుగుపెట్టబోవుచున్న జోసెఫిన్‌కు ఇది గొడ్డలిపెట్టు.

ఆమె ఇండియాకు ఎన్నడు రాలేదు. మన స్త్రీలను మాటలేని దీనలుగా, తమ జాలికి పాత్రలైనవారినిగా ఆమె తలచుచుండెను. సామ్రాజ్యము న్యాయముగ నడచినచో మేలే చేయునని నమ్మెను. 1900లో బోయరు యుద్ధ సమయమున, ఆఫ్రికా జనులను బోయరులు హింసించుచున్నారన్న హేతువుతో ఆమె బ్రిటిషు పక్షమును సమర్థించి పలువురు మిత్రులకు దూరమయ్యెను. తన కాలపు పరిమితులు ఆమెకును కలవు.

చరమదశ, అనంతర కథ

1890లో భర్త మరణించెను. రెండేండ్లకు ఆయన జీవితమును, 1896లో తన ఉద్యమ స్మృతులను ఆమె గ్రంథములుగ వెలువరించెను. చివరి దినములు జన్మస్థలమునకు సమీపముననే గడపి, 1906 డిసెంబరు 30వ తేదీన వూలర్‌లో కన్నుమూసెను. కర్క్‌న్యూటన్ గ్రామపు చర్చి ఆవరణలో ఆమె సమాధి కలదు.

ఆమె మరణించిన పదియేండ్లకు, 1916లో, సుఖవ్యాధులను గూర్చిన రాయల్ కమిషను తన నివేదికను ఇచ్చెను. ఉచితముగ, రహస్యముగ, ఎవరి బలవంతము లేకుండ స్త్రీపురుషులకందరకు చికిత్స నొసగవలెనని అది నిర్ణయించెను. ప్రభుత్వ చికిత్సాలయములు దేశమంతట తెరచిరి. సేనానులు అర్ధశతాబ్దము పాటు అసాధ్యమన్నది ఆచరణలోనికి వచ్చెను. అయినను యుద్ధపు ఒత్తిడిలో 1918లో సైనికునకు రోగము అంటించిన స్త్రీని శిక్షించు నిబంధన మరల తలయెత్తి, యుద్ధముతో అంతరించెను. ఫ్రాన్సు తన అనుమతి గృహములను 1946లోను, ఇటలీ 1958లోను మూసివేసెను.

భారతదేశము 1956లో చేసిన శాసనము, 1986లో పేరు మార్చుకొన్న తరువాతను, వృత్తినే నేరముగా ప్రకటింపలేదు. గృహనిర్వహణమును, దళారీతనమును, బహిరంగముగ పిలుచుటను శిక్షించును. ఆచరణమున పోలీసుల చేతికి చిక్కునది ఎక్కువగ ఆ స్త్రీయే. ఎయిడ్స్ భయము వ్యాపించినపుడు నిర్బంధ పరీక్షల మాట మరల వినవచ్చెను. కాని 1992లో కలకత్తా సోనాగాఛీలో ఆరంభమైన కార్యక్రమము వేరొక త్రోవను చూపెను. అచ్చటి స్త్రీలే ఆరోగ్య కార్యకర్తలై, తోటివారికి బోధించి, రక్షణ సాధనములను వాడించి, చికిత్సకు తీసికొనిపోయిరి. తగిన సమ్మతి లేనిదే ఎవ్వరికిని హెచ్.ఐ.వి. పరీక్ష చేయరాదని 2017వ చట్టము శాసించెను. ఈ వృత్తిలోని వయోజన స్త్రీలను గౌరవముతో చూడవలెనని, వారిని పోలీసులు వేధింపరాదని 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఆదేశించెను.

లోకమున వాదము ముగియలేదు. 1999లో స్వీడను, కొనువానినే శిక్షించు చట్టమును అమలులోనికి తెచ్చెను. 2003లో న్యూజిలండు ఈ వృత్తిని నేరశాసనములనుండియే తప్పించెను. ఈ రెండు మార్గములను సమర్థించువారును జోసెఫిన్ బట్లర్ జీవితమునుండి తమకు కావలసిన భాగమును ఎత్తిచూపుదురు. ఆమె ఏ పక్షమును చేరియుండునో చెప్పుట నేడు సాధ్యము కాదు. ఒక్క సంగతి మాత్రము నిశ్చయము. ఆరోగ్యము పేరనో, నీతి పేరనో చట్టము పుట్టినపుడెల్ల, అది అమలగు వీథిలో నిలుచుండు పేదస్త్రీకి ఏమగునని ఆమె మొదట విచారించెడిది. ఆమె ఆ ప్రశ్నను అడుగ నేర్చినది పార్లమెంటు గ్యాలరీలో కాదు, పాత త్రాళ్ల నారను తీయుచు నేలపై కూర్చుండిన స్త్రీల నడుమ.